స్వెటర్ అంచు ఎక్కడ ఆగిందో చూడండి

1930ల నాటి కథతో బ్రిటిష్ సీరియల్ వచ్చిందంటే, ఎవరో ఒకరి ఒంటి మీద రంగురంగుల డిజైన్ అల్లిన చేతుల్లేని స్వెటర్ ఉండి తీరుతుంది. చూసేవాళ్లు ‘అచ్చం పాతకాలమే’ అని మురిసిపోతారు. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. సూటూ టోపీ కొలతలిచ్చి కుట్టించుకోవచ్చు. పాత స్వెటర్లు అంత తేలిగ్గా దొరకవు. చాలావాటిని చిమ్మట పురుగులు తినేశాయి, కొన్ని వేడినీళ్లలో ఉతికి కుంచించుకుపోయాయి. దాంతో కొందరు షాపులో కొన్నదే తొడిగేస్తారు, దొరికిపోతారు.

ఎలాగంటే, అప్పటి మగవాళ్ల ప్యాంట్లు బొడ్డు దాకా ఉండేవి, భుజాల మీది పట్టీలతో నిలిచేవి. కాబట్టి స్వెటర్ కూడా పొట్టిగా ఉండి, వెడల్పాటి రిబ్బుతో (సాగే గీతల అల్లిక అంచుతో) నడుముని పట్టుకుని అక్కడే ఆగేది. ఇప్పటిది తుంటి దాకా దిగుతుంది. దాన్ని 1938 నాటి మనిషికి వేస్తే పొట్ట దగ్గర ముడతలు పడి, కోటు విప్పగానే ఇరవై ఒకటో శతాబ్దం బయటపడుతుంది. ఊలూ అంతే. హీటింగ్ సరిగా లేని ఇళ్లలో కోటు లోపల వేసుకునేది కదా, సన్నటి దారంతో అల్లకపోతే కోటు గుండీలే పట్టవు.

యార్క్‌షైర్ పశువైద్యుల కథ ‘ఆల్ క్రియేచర్స్ గ్రేట్ అండ్ స్మాల్’ (ఛానల్ 5లో 2020 నుంచి వస్తున్నది) ఈ విషయంలో చాలా నయం. అందులో స్వెటర్ చలికీ పనికీ వేసుకున్నట్టే ఉంటుంది. కాకపోతే పశువుల కొట్టాల్లో తిరిగే మనుషుల మీద అంత శుభ్రంగా ఎలా ఉంటుందో!

అసలు నా పేచీ ఆ రంగుల డిజైన్‌తోనే. స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లాండ్, ఆర్క్నీ దీవుల మధ్యనున్న బుల్లి దీవి ఫెయిర్ ఐల్ పేరే దానికీ ఉంది. పద్ధతి ప్రకారం వరసకి రెండే రంగులు, వాడని దారం వెనకవైపు సాగుతుంది, అందుకే మరింత వెచ్చన. 1922లో అప్పటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ (బ్రిటన్ యువరాజు) స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్‌కి వేసుకోవడంతో డబ్బున్నవాళ్ల ఫ్యాషన్ అయింది. మరి రెండో ప్రపంచయుద్ధం మధ్య, 1941 జూన్‌లో బ్రిటన్‌లో బట్టలకు రేషన్ వచ్చి, అల్లుకునే ఊలుకి కూడా కూపన్లు ఇవ్వాల్సి వచ్చాక? పాత స్వెటర్లు విప్పి, ఆ దారం ఉతికి ఆరబెట్టి మళ్లీ అల్లుకున్నారు. మిగిలిపోయిన చిన్న ఉండలన్నీ కలిపి వాడుకోవడానికి ఇదే డిజైన్ కలిసొచ్చింది. రాకుమారుడి సరదా కాస్తా ఇల్లాలి పొదుపు అయిందన్నమాట. సీరియళ్లు మాత్రం 1925కీ 1942కీ ఒకేలాంటిది, రంగులన్నీ పొందిగ్గా కుదిరినదే తొడుగుతాయి. యుద్ధకాలం స్వెటర్‌లో వీపు మధ్యకొచ్చేసరికి నీలం అయిపోయి, అక్కణ్నించి బూడిదరంగు మొదలవ్వాలి. చేతులున్నదైతే మోచేతి దగ్గర, దొరికిన దారంతో రఫ్ఫు చేసి ఉండాలి. అలాంటిది హీరోకి తొడిగే ధైర్యం ఏ కాస్ట్యూమ్ డిజైనర్ చేసినా, కథ ఎంత నసగా ఉన్నా సరే, అన్ని ఎపిసోడ్లూ చూస్తాను.