దుప్పటి గారికి ఆరుబయటి నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ దుప్పటి గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయులలో కుశలంగా ఉన్నది తమరొక్కరేనని మనవి. ఎముకలు కొరికే చలిలో, ఆరుబయట నిలబడి ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నా చదువును శంకించవద్దు. వేళ్లు నా మాట వినడం మానేసి కాసేపయింది.

ముందు లెక్క తేల్చుకుందాం. రాత్రంతా నాకు వెచ్చదనం ప్రసాదించానని తమరు గర్వపడుతున్నారు. తమలో నిప్పు లేదు, కరెంటు లేదు. పొరల మధ్య గాలిని బంధించి, నా ఒంటి వేడి బయటికి పోకుండా ఆపడం తప్ప తమరు చేసిందేమీ లేదు. నా సొమ్మే నాకు అప్పిచ్చి, తెల్లవారేసరికి నన్ను కదలనివ్వని వడ్డీ వ్యాపారి తమరు. ఈ మాట ఇంతకాలం తమ ముఖం మీద ఎవరూ అనలేదంటే, అనవలసినవాళ్లంతా తమ కిందే పడుకుని ఉండటం వల్ల.

తమ బంధువుల సంగతీ చెప్పాలి. మబ్బులు తమ జాతే. అవి కమ్మిన రాత్రి నేల విడిచిన వేడిలో కొంత తిరిగి నేలకే చేరుతుంది, తెల్లవారితే గడ్డి మామూలు గడ్డిలాగే ఉంటుంది. నిన్న రాత్రి ఒక్క మబ్బూ లేదు. భూమి దుప్పటి తన్నేసి పడుకుంది. నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోయింది. గాలిలోని ఆవిరి, మధ్యలో నీరుగా మారే శ్రమ కూడా తీసుకోకుండా, గడ్డి మీద మంచుగా పేరుకుంది. ఆకుల అంచులకు, ముళ్ల మొనలకు, ఆకు మీది నూగుకు తెల్లని సూదులు మొలిచాయి. నిన్న ఎవరి కంటా పడని సాలెగూడును ఇవాళ పోగు పోగునా లెక్కపెట్టవచ్చు. (సాలీడు మాత్రం కనిపించలేదు. దానికీ తమలాంటి సలహాదారు ఎవరో ఉన్నట్టున్నారు.)

"కాస్త ఎండెక్కాక వెళ్లరాదా" అన్నది తమ పాత సలహా. తమలాగే మెత్తగా ఉంటుంది. కానీ సూర్యుడు తొంగిచూడగానే నేల నష్టం ఆగిపోదు. వచ్చే వేడి పోయే వేడిని మించేదాకా చలి పెరుగుతూనే ఉంటుంది. అందుకే మబ్బు లేని ఉదయాల్లో చలి ముదిరేది సాధారణంగా సూర్యోదయమైన కాసేపటికి. సరిగ్గా అప్పుడే ఏటవాలు వెలుగు ఆ తెల్లని సూదుల్లోకి దూరుతుంది. అందం, చలి ఒకే ముహూర్తం పెట్టుకున్నాయి. తమరు చెప్పిన వేళకు వస్తే దొరికేది తడిగడ్డి. ఇప్పుడు నా ఎదుట ఎండ తగిలినంత మేర మంచు కరిగిపోయింది, గోడ నీడ పడినంత మేర గీత గీసినట్టు మిగిలింది. తెల్లని నీడను తమరెప్పుడైనా చూశారా? ఎక్కడ చూస్తారు, కిటికీ తెర కూడా తీయనివ్వరు.

తమరు తేబోయే సాక్షి ఎవరో నాకు తెలుసు. విల్సన్ బెంట్లీ, అమెరికాలో వెర్మాంట్ రైతు. 1885లో మైక్రోస్కోపుకు కెమెరా తగిలించి మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. ఆపై అలాంటివి 5,000కు పైగా తీశాడు. వెచ్చని గదిలో అవి కరిగిపోతాయి కనుక పనంతా చలిలోనే. 1931లో మంచు తుఫానులో నడిచి వచ్చాక న్యుమోనియాతో చనిపోయాడు. "చూశావా!" అంటారు తమరు. చూశాను. నడుమ 46 ఏళ్లు ఆయన తమ మాట వినలేదని కూడా చూశాను. తమ మాట విన్నవాళ్లు ఫోను వెలుతురులో ఇతరులు తీసిన మంచు బొమ్మలను మెచ్చుకుంటూ ఉంటారు.

ఎదురుగా కొమ్మ మీద ఒక పిట్ట ఈకలు విప్పార్చుకుని రెండింతలై కూర్చుంది. ఈకల మధ్య గాలిని పట్టి ఉంచడం తమ వ్యాపార రహస్యమే. కాకపోతే అది దుప్పటితో సహా పనికి బయలుదేరింది.

ఒక్క విషయంలో మాత్రం తమతో వాదించను. కప్పుకోవడానికి ఏమీ లేక రాత్రంతా ఇదే చలిలో గడిపినవాళ్ల దగ్గర ఈ మంచు అందం మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. ఇంటికి వెళ్లి దూరడానికి తమరున్నారన్న ధీమాతోనే నా రసికత్వమంతా. దీనికి తమరు పొంగిపోనక్కర్లేదు. నా ఒక్కడి మీద చూపే ఈ పట్టుదల అక్కడ చూపించి ఉంటే, తమకు సన్మానపత్రమే రాసేవాణ్ని.

ఇట్లు,
తమలోని వేడికి అసలు హక్కుదారు

తా.క.: ఈ ఉత్తరం ప్రతి ఒకటి తలగడకూ పంపుతున్నాను. ఏమీ ఎరగనట్టు నటిస్తుంది, నమ్మవద్దు.