మహారాజశ్రీ యాభై వేల పదాల లక్ష్యం గారికి

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని తెలుసు, నా సంగతే చెప్పుకోవాలి.

ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కార్తీక వనభోజనాలకు వెళ్లారు. పనసపొట్టు కూర, పులిహోర, అంత్యాక్షరి అన్నీ తమరి కోసం వదులుకుని ఇంట్లో కూర్చున్నాను. పొలం అమ్మేసిన తండ్రిని మా కథానాయిక నిలదీసే ఘట్టం. అసలు నవల మొదలుపెట్టిందే ఆ ఘట్టం కోసం. సాయంత్రం దాకా రాసి, బాగా కుదిరిందన్న సంబరంలో తెర కింద మూలనున్న అంకె చూశాను. నాలుగు వందలు దాటలేదు. నవంబరు ముప్పై రోజుల్లో యాభై వేల పదాల నవల రాయాలంటే తమరి రోజువారీ కోటా 1,667 పదాలు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలియక కాదు. 1999 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే ఆయన, మరికొందరూ కలిసి మొత్తం 21 మంది నెలలో నవల రాద్దామని సరదాపడ్డారు. మరుసటేడు దాన్ని నవంబరుకు జరిపారు, వాతావరణం దరిద్రంగా ఉంటుంది కాబట్టి ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చని. మాకు నవంబరంటే దీపాలు, పెళ్లిళ్లు, గడప దాటితే చాలు హాయిగా తగిలే గాలి. వాయుగుండం పడితే తప్ప ఇంట్లో కూర్చోవడానికి సాకు దొరకదు. ఆ సరదాను ఏటా నడిపిన నానోరైమో (నేషనల్ నావెల్ రైటింగ్ మంత్) సంస్థ కూడా 2025లో మూతపడుతున్నట్టు ప్రకటించింది. తమరు మాత్రం దిగిపోలేదు.

అవన్నీ సర్దుకుంటానండీ. ఈ లెక్కే మింగుడుపడటం లేదు. మా అమ్మాయి తండ్రితో అంటుంది కదా, 'అడగలేకపోయాననుకుంటున్నారేమో' అని. తమరి లెక్కలో అది ఒక్క పదం. అదే మాట అనడానికి ఇంగ్లీషు కథానాయికకు ఏడెనిమిది పదాలు పడతాయి, ఆమె ఖాతాలో ఏడెనిమిదీ జమ అవుతాయి. ఆ మాటకు తండ్రి 'ఊ' అంటాడు. అదీ ఒక్కటే! ఆ పిల్ల కడుపులోంచి పెరికి తెచ్చిన మాటకూ, ఈయన గొంతు కూడా సవరించుకోకుండా చేసిన చప్పుడుకూ ఒకే ధర. మా పాత పత్రికలవాళ్లు అరఠావుల్లో కొలిచేవారు. చేతిరాత పెద్దదైతే కాస్త మోసం జరిగేదేమో గానీ, పొడుగు మాటకు పొడుగు చోటు దక్కేది.

దాంతో ఏం చేస్తున్నానో తెలుసా? విరుస్తున్నాను. 'వెళ్లిపోయాడు' అని రాసినవాణ్ణి 'వెళ్లి పోయాడు' అంటున్నాను. 'చెప్పలేకపోయింది'ని మూడు ముక్కలు చేశాను. ఫోనెత్తితే చాలు, 'హలో, ఆ, హలో, వినపడుతోందా, ఆ' అంటూ అరపేజీ. నిన్నటి అధ్యాయంలో ఒక పెళ్లి పెట్టాను, వంటకాల జాబితా కోసం. ఇదా నవల? ఎవడడిగాడు నిన్ను? సంధి ఎక్కడ కలుస్తుందో, సమాసం ఎక్కడ విరుగుతుందో తెలియని అంకెవి, రాసేవాడి నెత్తిన కూర్చుని రోజూ లెక్క చూపించమంటావా?

అయినా ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు లేకపోతే ఆ పొలం ఇంకా నా బుర్రలోనే ఉండేది. గడువు లేని ఏళ్లలో మొదటి అధ్యాయాన్నే దిద్దుకుంటూ ఉండిపోయాను. నీ భయానికి అమ్మాయి ఊరు చేరింది, తండ్రి ఎదుట నిలబడింది, నోరు విప్పింది.

కాబట్టి నవంబరు 30 దాకా నీ మాటే చెల్లనిస్తాను. డిసెంబరు 1 పొద్దున్న మాత్రం విరిచిన మాటలన్నీ మళ్లీ కలిపేస్తాను, హలోలు కొట్టేస్తాను, పెళ్లి రద్దు చేస్తాను. అప్పుడు అంకె ఎంతకు పడిపోతుందో పడిపోనీ. దిక్కున్నచోట చెప్పుకో.

ఇట్లు,
తమరి విధేయుడు, ఈ నెలాఖరు వరకు మాత్రమే