కంటిన్యుయస్ దొరవారికి, అనంతపురం నుంచి

కంటిన్యుయస్ దొరవారికి,

అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికే మేము నమస్కరించి రాయునది. ‘ఆగకుండా సాగేది’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాట మీరు. మీ క్షేమం అడగడం లేదు. ఎక్కడా ఆగనని చెప్పుకునేవారికి జవాబు రాసే తీరిక ఉండదు కదా!

ముందు మీ అన్నగారు కంటిన్యుయల్ సంగతి. ఆయన ఇంగ్లీషులోకి 14వ శతాబ్దంలోనే వచ్చేశారు, మీరు 17వ శతాబ్దంలో వచ్చారు. ఇద్దరూ ఒకటేనని జనం అనుకుంటారు. కరెంటు ఆఫీసు ఏఈ గారికి అర్జీ రాసేటప్పుడు తేడా బయటపడుతుంది. కరెంటు మాటిమాటికీ పోయి వస్తుంటే ‘కంటిన్యుయల్ పవర్ కట్స్’ అని రాయాలి. పొద్దున పోయింది రాత్రిదాకా రాలేదంటే మీ పేరు వాడాలి. గోడ, కంచె, కాలువగట్టు లాంటివాటికి మాత్రం మీరొక్కరే, అన్నగారు పనికిరారు. ఇంగ్లీషు వాళ్ళే ఈ తేడా సరిగా పాటించరు. మార్కులు పోయేది మాత్రం మా పిల్లలకు.

అసలు గొడవ వ్యాకరణంలో మీకు కట్టబెట్టిన ‘కంటిన్యుయస్ టెన్స్’ అనే పదవితో. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటాడు ఇంటర్వ్యూలో మా పిల్లాడు. ఒకే వాక్యంలో రెండు తప్పులు. తప్పు వాడిది కాదు. ‘పదేళ్ళ నుంచి పనిచేస్తున్నా’, ‘2015 నుంచి పనిచేస్తున్నా’ అని రెండుచోట్లా ఒకే ‘నుంచి’, ఒకే ‘పనిచేస్తున్నా’తో మాకు బతుకు వెళ్ళిపోతుంది. మీకు అలా చాలదు. హ్యావ్ లేదా హ్యాజ్ పెట్టాలి, పక్కన బీన్ పెట్టాలి, క్రియకు ఇంగ్ తగిలించాలి, ఆపైన సిన్స్‌నో ఫర్‌నో పిలవాలి. ఎవరిని పిలవాలో తేల్చుకోవడానికి తెలుగులోనే ఒక ఉపాయం ఉంది: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడాలి. ‘పదేళ్ళుగా’ కుదిరింది, కాబట్టి ఫర్. ‘2015గా’ అంటే నవ్వుతారు, కాబట్టి సిన్స్. ‘మూడు రోజులుగా’ ఫర్. ‘సోమవారంగా’ కుదరదు, సిన్స్. ఈ ఒక్క ‘గా’ పట్టుకుంటే ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ దానంతటదే వస్తుంది.

ఇంత తతంగం చేయించుకునే మీరు, నిజంగా ఆగకుండా సాగే వాటి దగ్గరికి రారేం సామీ? తెలిసి ఉండటం, సొంతమై ఉండటం, ఇష్టపడటం, నమ్మటం రాత్రి నిద్రలో కూడా సాగుతూనే ఉంటాయి. ‘ఐ యామ్ నోయింగ్’ అంటే తప్పు, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అంటే తప్పు. తుమ్ముతున్నాడు, దగ్గుతున్నాడు అనాలంటే మాత్రం పరుగెత్తుకొస్తారు. ‘హ్యావింగ్ లంచ్’ దగ్గర రాజీ పడతారు, అది తినడం కాబట్టి. అరగంటలో ముగిసే సంగటి ముద్దకు కంటిన్యుయస్ ఉంది, జన్మంతా ఉండే తమ్ముడికి లేదు!

మీ బంధువు అన్‌ఇంటరప్టిబుల్ గారు యూపీఎస్ అనే ముద్దుపేరుతో ఇంటింటా కాపురం పెట్టారు. పేరుకు అంతరాయమే లేదట. ఇంటి ఇన్వర్టర్ కరెంటు పోగానే బ్యాటరీ మీదికి మారడానికి పదీ పదిహేను మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ సందును పూడ్చేది ఆయన కాదు, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ పెట్టెలో కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్లు. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు యూపీఎస్, ఎకో అని ఒక స్విచ్ ఉంటుంది. ఎకోలో పెడితే మారడం ఆలస్యమై కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, ఫ్యాన్లకు ఏమీ కాదు. పోనీ యూపీఎస్‌లో పెడదామా అంటే అది సుమారు 180 నుంచి 260 ఓల్టుల మధ్య వచ్చే కరెంటునే ఒప్పుకుంటుంది. బోరు మోటార్లన్నీ ఒకేసారి మొదలై ఓల్టేజి పడిపోయే ఊళ్ళో, లైనులో కరెంటు ఉండగానే బ్యాటరీని పీల్చేస్తుంది. ఆ తర్వాత నిజంగా కరెంటు పోయేసరికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. అలాంటి చోట కంప్యూటర్‌కు వేరే చిన్న యూపీఎస్ కొని, ఇన్వర్టర్‌ను ఎకోలోనే ఉంచడం మేలు. నిజంగా సందు లేనిది ఆన్‌లైన్ యూపీఎస్ ఒక్కటే, ధర విన్నాక అంతరాయమే నయమనిపిస్తుంది.

నాన్‌స్టాప్ గారి గురించి ఎక్కువ రాయం. ఆ బోర్డు తగిలించుకున్న బస్సు డోన్ దగ్గర చేయెత్తినా ఆగుతుంది, గుత్తి దగ్గర చేయెత్తినా ఆగుతుంది. విమానాలవాళ్ళు కాస్త నయం: డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు మారదు గానీ మధ్యలో దిగొచ్చు, నాన్‌స్టాప్ అంటే దిగదు. టికెట్ కొనేటప్పుడు ఈ రెండూ ఒకటనుకోవద్దు.

చట్టంలో మీ వేషం అన్నిటికన్నా రంజుగా ఉంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-బీ సెక్షను ‘కంటిన్యుయస్ సర్వీస్’ను నిర్వచించింది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ లెక్క అదే. జబ్బు, మంజూరైన సెలవు, ప్రమాదం, చట్టబద్ధమైన సమ్మె, లాకౌట్ వల్ల మధ్యలో పని ఆగినా అది ఆగనట్టే లెక్క. అదీ కుదరకపోతే, పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాదంతా ఆగకుండా చేసినట్టే. కడప జిల్లా తుమ్మలపల్లె లాంటి చోట భూగర్భ గనిలో దిగేవారికైతే 190 రోజులు చాలు. మీ పేరుకు సరిపోయే ఉదారమైన అర్థం మాకు కనిపించింది ఈ ఒక్కచోటే. ఏడాది నిండినట్టు లెక్కయితే పనివాడిని తీసేసేటప్పుడు నోటీసు, పరిహారం ఇవ్వాలి. అందుకేనేమో, కొందరు యజమానులు 240 నిండకముందే పనివాడిని నాలుగు రోజులు ఇంటికి పంపి మళ్ళీ పిలుస్తారు. మీ పేరుకు జడిసి చేసే పని ఇది, మీకు గర్వంగానే ఉండొచ్చు. హాజరు పట్టీ, జీతం చీటీల జిరాక్సులు దాచుకోమని మాత్రం మా విద్యార్థులకు చెబుతున్నాం.

ఇట్లు,
అనంతపురం ఇంగ్లీషు పంతుళ్ళు

తా.క.: మీ బంధువు ఇన్‌సెసంట్‌ను ఫ్లెక్సీ రాసేవాళ్ళ దగ్గరికి పోనివ్వకండి. ఆ మాటలో విసుగు ఉంటుంది, కుక్కల అరుపుకూ ముసురుకూ సరిపోతుంది. ‘నాయకుడి ఇన్‌సెసంట్ సేవలకు కృతజ్ఞతలు’ అని రాశారంటే, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు దాన్ని ఫిర్యాదు కింద చదువుకుంటారు.