2520: రామానుజన్ పేరు మీద తిరుగుతున్న క.సా.గు. లెక్క

ఫోన్లలో ఏళ్లుగా తిరుగుతున్న సందేశం ఒకటి మళ్లీ నన్ను చేరింది. అందులో ఉన్నది ఇది: 2520 వింత సంఖ్య. 1 నుంచి 10 దాకా దేనితో భాగించినా శేషం రాదు. అలాంటి సంఖ్యే లేదని ప్రపంచ గణితవేత్తలు అనుకుంటుంటే రామానుజన్ కనిపెట్టారు. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు – ఈ మూడూ హెచ్చిస్తే వచ్చేదీ అదే.

శేషం రాదన్నది నిజం. వింత మాత్రం లేదు. 8, 9, 5, 7 హెచ్చించండి, 2520 వస్తుంది. 8లో 2, 4 ఉన్నాయి. 9లో 3 ఉంది. 6, 10 వాటంతటవే వస్తాయి. బడిపిల్లలు చేసే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే ఇచ్చిన సంఖ్యలన్నీ శేషం లేకుండా భాగించే అతి చిన్న సంఖ్య) ఇదే. 11తో భాగిస్తే 1 మిగులుతుంది.

'అలాంటి సంఖ్య లేదనుకున్నారు' అన్నది శుద్ధ అబద్ధం. 1 నుంచి 10 దాకా వరసగా హెచ్చిస్తే 36,28,800 వస్తుంది. దాన్ని ఆ పదీ భాగించక తప్పదు కదా! 2520కి రెట్టింపైన 5040కి ఈ గుణం ఉందని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలోనే గ్రీకు తత్వవేత్త ప్లేటో రాశాడు. మన దేశంలో 9వ శతాబ్ది గణితవేత్త మహావీరాచార్యుడు క.సా.గు.ను 'నిరుద్ధం' అన్నాడు. ఆయన గణితాన్ని 11వ శతాబ్దిలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన.

ఇక 7×30×12. గుణకారం సరైనదే, కానీ రోజులను రోజులతో హెచ్చిస్తే వచ్చేది ఏమిటి? అసలు సంగతి 30×12లో ఉంది. 360ని 1 నుంచి 10 దాకా 7 తప్ప అన్నీ భాగిస్తాయి. లోటు 7 ఒక్కటే. దానితో హెచ్చించగానే 2520 అయింది. కాలచక్రపు రహస్యమేమీ లేదు.

నాకు బాధ కలిగించేది రామానుజన్ అసలు పని మరుగున పడటం. 1915లో ఆయన 'అత్యంత సంయుక్త సంఖ్యల' మీద పెద్ద పత్రం ప్రచురించారు. తనకన్నా చిన్న సంఖ్యలన్నింటికంటే ఎక్కువ భాజకాలు (శేషం లేకుండా భాగించే సంఖ్యలు) ఉన్న సంఖ్య అది. 48 భాజకాలతో 2520 ఆ వరసలో ఒకటి, అంతే. పత్రంలో ఆయన ఇచ్చిన పట్టిక 67,46,32,83,88,800 దాకా సాగుతుంది. దాని భాజకాలు 10,080! కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత లెక్క. మధ్యలో ఒక్క సంఖ్య జారిపోయింది: 2,93,31,86,25,600. దాన్ని 23తో హెచ్చిస్తే పట్టికలోని ఆ చివరి సంఖ్యే వస్తుంది.

పట్టిక కన్నా గొప్పవి ఆయన నిరూపణలు. ఇలాంటి సంఖ్యను ప్రధాన సంఖ్యలుగా విడదీస్తే 2 ఎన్నిసార్లు వస్తుందో 3 అంతకు మించి రాదు, 3ను మించి 5 రాదు, అలా చివరిదాకా. 2520లో 2 మూడుసార్లు, 3 రెండుసార్లు, 5, 7 ఒక్కోసారి. చివరి ప్రధాన సంఖ్య ఎప్పుడూ ఒక్కసారే వస్తుందనీ, 4, 36 మాత్రమే మినహాయింపులనీ తేల్చారు. నాకు చేరిన ఏ సందేశంలోనూ ఈ మాట లేదు.