బారసాల సవరణలు

పదో తరగతి జీవశాస్త్రంలోని అనువంశికత పాఠాన్ని తక్షణం సవరించాలని సంబంధిత అధికారులకు సవినయంగా విన్నవించుకుంటున్నాను. ఆ పాఠం చదివిన పిల్లలు ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నారు.

మొన్న బంధువుల ఇంట బారసాలకు వెళ్లాను. ఉయ్యాలలో ఇరవై ఒక్క రోజుల ఆడపిల్ల, ఆ ఇంటికి రెండోది. చుట్టూ పెద్దలు కొలువుతీరి ఉన్నారు. కొనదేలిన ముక్కు, పచ్చని ఛాయ విచారణ లేకుండానే తండ్రి వైపు జమ అయ్యాయి. రాత్రంతా ఏడవడం తల్లి పుట్టింటి ఖాతాలో పడింది. చెవుల మీద మాత్రం వాదం తెగక తీర్పు వాయిదా పడింది. పదో తరగతి చదివే మనవరాలు ఒకతె “ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి నానమ్మా, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి” అనబోతే, కాఫీలు తెమ్మని లోపలికి పంపారు.

ఆ పిల్లను చెడగొట్టింది గ్రెగర్ మెండల్ అనే క్రైస్తవ సన్యాసి. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో, మఠం పెరట్లో, 1856 నుంచి ఎనిమిదేళ్లపాటు బఠానీ మొక్కలతో ప్రయోగాలు చేశాడు. గుండ్రని గింజల రకాన్ని ముడతల గింజల రకంతో సంకరం చేస్తే మొదటి తరం గింజలన్నీ గుండ్రనివే. ముడత పీడ వదిలిందనుకునే లోపు, రెండో తరంలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతవి వచ్చాయి. దాదాపు మూడుకు ఒకటి. ముడత ఎక్కడికీ పోలేదన్నమాట, బహిర్గత లక్షణం చాటున అంతర్గతంగా దాక్కుంది. 1866లో అచ్చయిన ఈ సంగతిని లోకం 1900 దాకా పట్టించుకోలేదు. మా వాళ్లు ఇంకొంచెం వ్యవధి తీసుకుంటున్నారు, అంతే. అయినా సన్యాసి లెక్క సంసారులకు ఎలా సరిపోతుంది? ఆయన బఠానీలకు వియ్యాలవారు లేరు.

(ముక్కు బఠానీ గింజ కాదన్న మాట నిజమే. ముక్కు తీరు, ఒంటి రంగు, ఎత్తు అనేక జన్యువులు కలిసి తేల్చేవి. ఎత్తులో తిండికీ వాటా ఉంది. కాని ఇంత చెబితే బారసాల భోజనాలు చల్లారిపోతాయి.)

ఇక అసలు సవరణ. రెండోసారీ ఆడపిల్లను కన్నందుకు కోడలిని తప్పుపట్టడం మన ఇళ్లలో స్థిరపడిన శాస్త్రం. పుస్తకం చూస్తే, జన్యువులను మోసే క్రోమోజోముల్లో తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుందనీ, తండ్రి వీర్యకణాల్లోనే సగం ఎక్స్, సగం వై అనీ, ఎక్స్ చేరితే ఆడపిల్ల, వై చేరితే మగపిల్లాడు అనీ రాసి ఉంది. 1905లో నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగుల్లో ఈ తేడా పట్టుకుంది. ఈ లెక్కన ముద్దాయి అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. పాపం, ఏ కణం ముందు చేరుతుందన్నది అతడి చేతిలోనూ లేదు. అయినా అతడిని పిలిచి నిలదీస్తే సంసారాలు ఏమైపోవాలి? పుస్తకాన్ని దిద్దడమే సులువు.

మేనరికాల మాట కూడా చెప్పాలి. ఆస్తి గడప దాటకూడదని కలుపుకునే సంబంధం కదా, ఆస్తితోపాటు అంతర్గత జన్యువూ గడప దాటదు. మేనమామ, మేనకోడలు సగటున నాలుగో వంతు జన్యువులు పంచుకుంటారు, మేనబావ, మరదలు ఎనిమిదో వంతు. గోత్రాలు వేరు కదా అంటారు పెద్దలు. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి, వై క్రోమోజోము వెళ్లే దారినే వెళుతుంది. మిగతా ఇరవై రెండు జతల క్రోమోజోములకు గోత్రమే తెలియదు. తలసీమియా అనే రక్తహీనత జబ్బుకు ఇద్దరూ వాహకులైన, అంటే జబ్బు బయటపడకుండా ఆ జన్యువును మోసే, దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇంటి గణితం వేరు: ఒక బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ ఢోకా లేదు.

ఇంతలో కాఫీలు వచ్చాయి. పళ్లెం కింద పెడుతూనే ఆ పిల్ల, ఎక్స్ సంగతి బాబాయిని అడగమని నానమ్మకు చెప్పింది. సభ నిశ్శబ్దమైంది. నానమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు దించి, తీర్పు చెప్పింది:

“ఈ ఎదురు సమాధానాలు మాత్రం అచ్చం దీని తల్లివే.”