జనవరి 25 గారికి, ఓటు లేని పిల్లల తరఫున

అయ్యా జనవరి 25 గారూ,

తమరు మొన్న దయచేసి వెళ్లారు. ఏడో తరగతి పిల్లల కుడిచేతులు ఇంకా గుంజుతున్నాయి. హనుమకొండ చలిలో పొద్దుగాల తొమ్మిదింటికే చౌరస్తాలో మానవహారం కట్టిస్తే, ముఖ్య అతిథి పదకొండున్నరకు కారు దిగారు. చెయ్యి చాపి ఓటరు ప్రతిజ్ఞ ఒకసారి. జీపీఎస్ కెమెరాలో అక్షాంశం, రేఖాంశం పడలేదని రెండోసారి. ఫ్లెక్సీ సగమే వచ్చిందని మూడోసారి.

తమరి గొప్పతనం ఎరగని వాళ్లం కాదు. గణతంత్రానికి ఒక్కరోజు ముందు, 1950లో, ఎన్నికల సంఘం పుట్టింది తమరి చేతుల్లోనే. అందుకే 2011 నుంచి జాతీయ ఓటర్ల దినోత్సవం. జాతీయ పర్యాటక దినోత్సవమూ తమరే. హిమాచల్ ప్రదేశ్ వాళ్లకు 1971 నుంచి రాష్ట్రావతరణ కూడా తమరే. ముందురోజు 24 ఏమీ తక్కువ తినలేదు, బాలికా దినోత్సవం, అంతర్జాతీయ విద్యా దినోత్సవం రెండూ దాని ఖాతాలోనే. తెల్లారితే జెండా పండుగ. ఈ మధ్యలో ఎవరైనా సారు ఒక్క పాఠం చెప్పి ఉంటే ఆయనకు కప్పాలి శాలువా.

పర్యాటకంతో పెద్ద పేచీ లేదు. రామప్ప గుడి ఇటుక నీళ్ల మీద తేలుతుందనీ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందనీ, పాలంపేట మొఖం చూడని పిల్లలతో వ్యాసం రాయించారు. మొదటి బహుమతి స్టీలు గిన్నె. కానివ్వండి.

మా గోసంతా ఓటుది. కులం, మతం, ప్రలోభం చూడకుండా నిర్భయంగా ఓటేస్తానని మూడుసార్లు ప్రమాణం చేసిన పిల్లకు పన్నెండేళ్లు. ఓటు రావాలంటే ఇంకా ఆరేళ్లు. ఆ ప్రమాణం చెయ్యాల్సిన ఇంటర్ పిల్లలేమో ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయని కాలేజీ గేటు దాటలేదు. పదిహేడు నిండితే చాలు, కొత్త ఓటుకు పెట్టుకునే ఫారం 6 ముందుగానే ఇచ్చుకోవచ్చు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, పద్దెనిమిది నిండాయా అని లెక్క చూసే తేదీలు ఏడాదికి నాలుగున్నాయి. ఏప్రిల్ 2న పద్దెనిమిది నిండే పిల్లాడు జులై 1 లెక్కలోకి వస్తాడు. ఈ ముక్క చెప్పడానికి నిమిషం పట్టదు. గంటన్నర మైకు పట్టుకున్న పెద్దమనుషుల్లో ఒక్కరి నోటా రాలేదు.

మరి ఫారాలు పంచాల్సిన బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) మేడమ్? ఆమె ఫ్లెక్సీ తాడు పట్టుకుని ఉంది. గాలికి పైన రెండు రింగులు ఊడాయి. ఫారాలు సంచిలో, సంచి ఆటోలో.

ఆ ఫారం నింపడమన్నా నేర్పారా? మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఫారంలో పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి. తారుమారైతే కార్డు మీద ఒకరు, ఆధార్‌లో ఇంకొకరు. ఫొటో 4.5 × 3.5 సెంటీమీటర్లది, గమ్ముతో అంటించాలి. మొఖం మీద స్టేప్లర్ కొడితే స్కానింగులో కన్ను గల్లంతు. పుట్టిన తేదీకి ఒక రుజువు, చిరునామాకు ఒకటి, ఇంట్లో ఓటున్నవాళ్ల కార్డు నంబరు. నర్సంపేట పిల్ల పరకాలకు కోడలుగా వెళ్తే పెట్టాల్సింది చిరునామా మార్పుకుండే ఫారం 8. తెలియక మళ్లీ 6 నింపుతుంది. రెండుచోట్లా పేరెక్కుతుంది. ఏరివేతలో ఏది పోతుందో సమ్మక్క తల్లికే ఎరుక.

సందేహముంటే 1950కి ఫోన్ చెయ్యొచ్చు, ఎన్నికల సంఘం పుట్టిన ఏడాదే నంబరు. మరిచిపోదామన్నా మరుపురాదు. ఫ్లెక్సీలో దాన్ని కింది మూలన చీమ తలకాయంత వేశారు. ముఖ్య అతిథి బొమ్మ మాత్రం ఇటు అంచు నుంచి అటు అంచు దాకా.

ఇగ మర్యాద చాలు. నీకు ఓటర్లు కావాల్నా, ఫొటోలు కావాల్నా? ఓటున్నోడు చాయ్ హోటల్ల కూసుండి చూస్తుంటే, లేని పోరగాళ్లను రోడ్డు మీద నిలబెడ్తవా? మంచినీళ్ల క్యాన్ కూడ పెట్టకపోతివి గదా!

వచ్చే ఏడు వస్తే సీదా జూనియర్ కాలేజీకి రా. ఒక టేబుల్, వంద ఫారాలు, రెండు గమ్ము సీసాలు, ఒక జిరాక్స్ మిషిను తెచ్చుకో. ఏడో తరగతోళ్ల దిక్కు రాకు. ఆ పూట వాళ్లకు లెక్కల పీరియడ్ ఉంది.

ఇట్లు,
కాజీపేట నుంచి ఒక ఓటరు