మ్యూజియంలో మంచి ఫొటో: సగం మన చేతిలో, సగం మ్యూజియం చేతిలో

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో 'వేల్డ్ రెబెకా' ముందు సెలవు రోజుల్లో ఎప్పుడూ గుంపే. ఇటలీ శిల్పి జియోవన్నీ మరియా బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముఖం మీది పల్చటి మేలిముసుగు, దాని చాటున కనిపించే కళ్లు, ముక్కు, పెదవులు అన్నీ ఒకే రాయి. ఆ ముసుగును చూడ్డానికే జనం వస్తారు. తీరా వాళ్ల ఫోన్లలో పడేది మాత్రం ముసుగు జాడ లేని తెల్లటి ముద్ద.

కారణం తేలికే. ఫోన్ కెమెరా ఎదురుగా ఉన్నదంతా చూసి సగటు వెలుతురు లెక్క కడుతుంది. బొమ్మ చుట్టూ చీకటిగా ఉంటే ఫొటోను ఇంకాస్త వెలిగించాలని చూస్తుంది. దాంతో తెల్లరాయి మీది సన్నటి నీడలన్నీ కొట్టుకుపోతాయి. విరుగుడు ఒక్క వేలితో అయ్యే పని. తెర మీద బొమ్మలో బాగా తెల్లగా ఉన్నచోట తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే చాలు. ఫొటో కాస్త నల్లబడినట్టు అనిపించినా ముసుగు మడతలు ఒక్కొక్కటే తేలతాయి.

ఇంత చిన్న సంగతి మనకు చెప్పేవాళ్లు తక్కువ. గోడల మీద 'తాకరాదు', 'ఫ్లాష్ వాడరాదు' అనే బోర్డులే కనిపిస్తాయి. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో కెమెరా ఉన్న ఈ రోజుల్లో, వస్తువును ఎలా తీస్తే బాగా కనిపిస్తుందో చెప్పడం కూడా మ్యూజియం బాధ్యతేనని నేను గట్టిగా నమ్ముతాను. మంచి ఫొటో తీయాలంటే ఆ వస్తువును ముందు బాగా చూడాలి. జనం బాగా చూడాలనే కదా మ్యూజియం పెట్టింది!

ఫొటోల విషయంలో మన అమరావతి శిల్పాలకు పెద్ద చరిత్రే ఉంది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన ఫలకాలను 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. అప్పటికి అతను మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్. కరెంటు దీపాలు లేని కాలం, పగటి వెలుతురే దిక్కు. ఆ మరుసటి ఏడాదే వాటిలో చాలా ఫలకాలు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. ఆ రాళ్లు ఇక్కడ ఉండగా ఎలా ఉండేవో ఇవాళ మనకు ఆ ఫొటోలు చూపిస్తాయి.

అమరావతి ఫలకం లాంటి లోతు తక్కువ శిల్పానికి ప్రాణం పక్క వెలుతురు. ఎదురుగా వెలుతురు పడితే బొమ్మలన్నీ గోడకు అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అదే పక్కనుంచి పడితే ప్రతి అంచుకూ ఒక నీడ వస్తుంది. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో బుద్ధుడి కథలోని నలగిరి ఏనుగు ఫలకం ఉంది. ఆ గుండ్రటి రాతిలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి జనాన్ని తొక్కుతూ, విసిరేస్తూ ఉంటుంది. ఇంకోవైపు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. పైన కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు కూడా ఉన్నాయి. ఎదురు వెలుతురులో తీస్తే ముందు మాయమయ్యేవి ఆ ముఖాలే. అందుకే ఇలాంటి రాయి దగ్గరికి వెళ్లగానే ఫోన్ జేబులో పెట్టి అటూ ఇటూ నాలుగడుగులు నడవాలి. నీడలు ఎక్కడినుంచి చిక్కగా కనిపిస్తే అక్కడ ఆగాలి. ఫోన్‌ను రాతికి సమాంతరంగా పట్టుకోవాలి, లేకపోతే గుండ్రటి ఫలకం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది.

ఫ్లాష్ వద్దనడానికి నా మొదటి కారణం కూడా ఇదే. అది నేరుగా ఎదుటినుంచి కొట్టి నీడలన్నిటినీ చంపేస్తుంది. అద్దం ఉంటే ఫొటో మధ్యలో తెల్లటి మచ్చ మిగులుతుంది. రాయికీ లోహానికీ వెలుతురు వల్ల పెద్ద నష్టం లేదు గానీ గుడ్డలు, కాగితాలు, రంగుల బొమ్మల సంగతి వేరు. వెలుతురు వల్ల రంగు వెలిస్తే మళ్లీ రాదు, ఆ నష్టం ఏళ్ల తరబడి పోగవుతూనే ఉంటుంది. అందుకే వీటిలో బాగా సున్నితమైన వాటి మీద వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకుండా చూడటం ప్రపంచవ్యాప్తంగా మ్యూజియంల పద్ధతి. ఆ గదులు మసకగా ఉన్నాయని విసుక్కోవద్దు, కావాలనే అలా ఉంచారు. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి నైట్ మోడ్‌లో తీస్తే సరిపోతుంది.

అద్దాల పెట్టెల ముందు అందరికీ ఒకటే తలనొప్పి, వస్తువు కంటే మన ముఖమే బాగా పడుతుంది. ముదురు రంగు చొక్కా వేసుకెళితే సగం బాధ తగ్గుతుంది. వస్తువుకూ అద్దానికీ మధ్య చోటుంటే, సిబ్బంది వద్దనకపోతే, లెన్స్‌ను అద్దానికి బాగా దగ్గరగా పెట్టి చుట్టూ అరచేయి అడ్డం పెట్టాలి. సాలార్‌జంగ్‌లోనే ముఖం చూసుకునే అద్దంతో ఇంకో పరీక్ష ఉంది. ఒకే చెక్కదుంగలో ముందు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యాన్ని, వెనక మార్గరెట్టా అనే అమ్మాయిని చెక్కిన బొమ్మ అది. వెనకవైపు అమ్మాయి బొమ్మ వెనక పెట్టిన అద్దంలో కనిపిస్తుంది. నేరుగా నిలబడితే మనమూ ఆ అద్దంలో పడతాం, కాబట్టి ఒక పక్కకు జరగాలి. తర్వాత తెర మీద అద్దంలోని అమ్మాయి ముఖాన్నే తాకాలి. ప్రతిబింబం అద్దం చట్రం కంటే దూరంగా ఉన్నట్టే కెమెరాకు లెక్క. చట్రం మీద ఫోకస్ పెడితే ఆమె మసకబారుతుంది.

ఇక మనుషుల ఫొటోలు. మ్యూజియంలో ఇంట్లోవాళ్లను తీయడం తప్పని అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అమ్మమ్మ ఒక శిల్పం పక్కన నిలబడిన ఫొటో ఆ ఇంటికి ఎంతో విలువైంది. తీసే పద్ధతే మారాలి. శిల్పానికి వీపు తిప్పి, కెమెరాకేసి బిగుసుకుని నిలబడమంటాం. అలా కాకుండా ఆమెనే శిల్పాన్ని చూడనివ్వండి, అందులో ఏం కనిపిస్తోందో పిల్లలకు చెప్పమనండి. మాటల్లో పడ్డాక ఒక పక్కనుంచి తీస్తే ముఖంలో జీవం ఉంటుంది, శిల్పమూ పూర్తిగా కనిపిస్తుంది. నడినెత్తిన ఉన్న లైటు కింద ఎవరినీ నిలబెట్టొద్దు, కళ్ల కింద గుంటలు పడతాయి. అరడుగు వెనక్కి జరిగితే చాలు. దగ్గరికెళ్లి వైడ్‌లో తీస్తే అంచున ఉన్న ముఖం సాగిపోతుంది. కాస్త దూరంగా నిలబడి 2ఎక్స్‌లో తీయండి. వెనక ఉన్నదంతా మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ ఇక్కడ దండగ. వెనకున్న శిల్పం కోసమే కదా అంత దూరం వెళ్లింది.

దూరం జరిగేటప్పుడు మాత్రం వెనక్కి చూసి జరగాలి. 2016లో లిస్బన్‌లోని జాతీయ ప్రాచీన కళా మ్యూజియంలో ఫొటో కోసం వెనక్కి నడిచిన సందర్శకుడు తగిలి, 18వ శతాబ్దపు దేవదూత మైకేల్ విగ్రహం కిందపడి దెబ్బతింది. 2020లో ఇటలీలోని పొస్సాన్యోలో ఒకాయన ఫొటో కోసం కనోవా అనే శిల్పి చేసిన బొమ్మ మీద కూర్చుంటే దాని కాలివేళ్లు విరిగాయి.

బొమ్మ తీశాక పక్కనున్న పేరు పలకను కూడా తీయాలి. ఏ ఊరిది, ఏ కాలంది, ఏ రాయి అనే వివరం లేని ఫొటో వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి దానికి ఎవరికి తోచిన కథ వాళ్లు తగిలిస్తారు. వీలున్నచోట వెనకవైపూ చూడాలి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి ఫలకానికి రెండువైపులా శిల్పం ఉంది. ఒకవైపు ఖాళీ సింహాసనాన్ని, బోధివృక్షాన్ని కొలుస్తున్న భక్తులు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. ఒక్క వైపే తీసుకుని వచ్చేవాళ్లకు ఆ రాయి రెండుసార్లు పనికొచ్చిన సంగతే తెలియదు.

ఇంతవరకూ మన వంతు. మిగతా సగం మ్యూజియంలది. చాలాచోట్ల కెమెరాకు వేరే టికెట్ తీసుకుంటున్నారు. లోపలికెళితే రాతి శిల్పాల మీద ఎదురుగా ట్యూబ్‌లైటు, అద్దాల పెట్టెల్లో మన నీడలు, మోకాళ్ల ఎత్తులో అక్షరాలు చెరిగిన పలకలు. ఒక్కో ఫలకానికి పక్కనుంచి పడేలా ఒక చిన్న ఎల్ఈడీ దీపం పెట్టడానికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. కళ్ల ఎత్తులో తెలుగులో పెద్ద అక్షరాల పలక, శిల్పం ముందు ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో నేల మీద ఒక గుర్తు, టికెట్ కౌంటర్ దగ్గర ఫొటో తీసే పద్ధతి చెప్పే నాలుగు లైన్ల బోర్డు పెడితే ముందు లాభపడేది ఫోన్ లేకుండా ఉత్త కళ్లతో చూసేవాళ్లే. కెమెరా టికెట్ల మీద వచ్చే డబ్బును ఈ దీపాలకూ పలకలకూ ఖర్చు పెట్టాలి, ఎంత వచ్చింది, దేనికి వాడారు అన్నది అదే కౌంటర్ దగ్గర రాసి పెట్టాలి.